మూడు దినములు, ఒక నగరము, ఒక చిన్న పెట్టె

ఐరోపా నగరములలో నివసించువారికి ఒక అలవాటు కలదు. శుక్రవారము సాయంకాలము పని ముగియగానే చిన్న పెట్టె చేతబట్టుకొని రైలో విమానమో ఎక్కుదురు. శని, ఆదివారములు మరియొక నగరమున గడిపి, సోమవారము ఉదయమునకు మరల తమ పనిలో నుందురు. పారిసువారు బ్రస్సెల్సునకు పోవుదురు. వియన్నావారు బుడాపెస్టునకు పోవుదురు. లండనువారు రోమునకు పోవుదురు. ఇది తీర్థయాత్ర కాదు, దేశాటనమును కాదు. ఒక నగరపు వీధులలో తిరిగి, ఒక చిత్రశాల చూచి, ఆ యూరి వంట రుచి చూచి, ఒక సాయంకాలము సంగీతము విని తిరిగి వచ్చుట మాత్రమే. ఇట్టి స్వల్పయాత్రను సొగసుగా నడుపుకొనుట అచ్చట ఒక కళగా ఎంచబడుచున్నది.

ఆ సొగసు ఎందులో నున్నది? ఖరీదైన దుస్తులలో నున్నదని కొందరును, పెద్ద హోటలులో నున్నదని కొందరును తలచుదురు. విచారించి చూచినచో అది విడుచుటలో నున్నదని తెలియును. చూడదగిన వానిలో కొన్నిటిని విడువవలెను. మోయదలచిన వానిలో పెక్కింటిని విడువవలెను. తొందరను బొత్తిగా విడువవలెను. మన ఇండ్లనుండి నేడు ఐరోపాకు పోవువారు తక్కువ మంది కారు. జర్మనీలోనో మరియొక దేశములోనో చదువుకొనుచున్న బిడ్డను చూచుటకు పోవు తల్లిదండ్రులు కలరు; ఉద్యోగపు పనిపై పోవువారు కలరు; వివాహమైన క్రొత్తలో పోవు దంపతులు కలరు. అట్టివారికి ఈ విడుచు విద్య ఎట్లు ఉపయోగపడునో తెలుపుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఈ యలవాటు ఒక్కనాడు పుట్టినది కాదు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో ఆంగ్ల ప్రభువుల కుమారులు విద్య ముగియగానే ఒక గురువును వెంటబెట్టుకొని ఇటలీ వరకు పోయి, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి తిరిగి వచ్చుచుండిరి. అది ధనికులకు మాత్రమే చెల్లిన ముచ్చట. 1841 జూలై 5వ తేదీన థామస్ కుక్ అను నాయన ఇంగ్లండులోని లెస్టరు నుండి లాఫ్‌బరో వరకు సుమారు 500 మందిని ఒక్కొక్క షిల్లింగు చొప్పున రైలులో తీసికొనిపోయెను. సామాన్యులు చేయు విహారయాత్రలకు అది ఒక గొప్ప నాంది అయినది. 1985లో లక్సెంబర్గు దేశపు షెంగెన్ గ్రామము చెంత ఐదు దేశములు ఒక ఒడంబడిక చేసికొని, తమ సరిహద్దులలో తనిఖీలను తొలగింప నిశ్చయించినవి. 1995లో అది అమలునకు వచ్చినది. 1997 నాటికి ఐరోపా సమాఖ్యకు చెందిన ఏ విమాన సంస్థయైనను సమాఖ్యలోని ఏ రెండు నగరముల నడుమనైనను విమానములు నడుపవచ్చునను స్వేచ్ఛ కలిగెను. పోటీ పెరిగి టిక్కెట్ల ధరలు తగ్గినవి. సమాఖ్య చట్టము ప్రకారము ఉద్యోగులకు ఏటేట నాలుగు వారములకు తగ్గని వేతన సహితమైన సెలవును లభించుచున్నది.

దీనికి తోడు దూరములు స్వల్పములు. వియన్నాకును బుడాపెస్టునకును నడుమ దూరము హైదరాబాదునకును విజయవాడకును నడుమ గల దూరము కంటె తక్కువే. పారిసు నుండి బ్రస్సెల్సునకు వేగపు రైలు గంటన్నరలోపే చేరును. సరిహద్దు తనిఖీ లేదు, దూరము లేదు, సెలవు ఉన్నది. అందువలననే రెండు దినముల యాత్ర అచ్చట సులభసాధ్యమైనది.

మన సంగతి వేరు. ఒకసారి అంత దూరము పోవుటకు వేలకొలది రూపాయలు వ్యయపడును గనుక, పోయినదే తడవుగా పది దినములలో ఏడు దేశములు చూచి రావలెనను కోరిక కలుగుట సహజము. కాని లెక్క వేసి చూడుడు. ఒక నగరము వదలి మరియొక నగరము చేరుటకు, పెట్టెలు సర్దుకొనుట, గది ఖాళీ చేయుట, స్టేషను చేరుట, ప్రయాణము, క్రొత్త గది వెదకుకొనుట — ఇవి యన్నియు కలిసి కనీసము అర దినమును మ్రింగివేయును. ఆరుమార్లు ఊరు మారినచో మూడు దినములు రైలుపెట్టెలలోను, హోటలు వాకిళ్ళలోను పోయినట్లే. దానికి బదులుగా మూడు నగరములను ఎన్నుకొని ఒక్కొక్క దానియందు మూడేసి దినములు నిలిచినచో, ఒక దినము విశ్రాంతికి మిగులును.

దృష్టాంతముగా రోము, వెనిసు, వియన్నా నగరములను తీసికొందము. ఇవి ఒక త్రోవలోనివి. రోము నుండి వెనిసునకు వేగపు రైలులో సుమారు నాలుగు గంటల ప్రయాణము. వెనిసు నుండి వియన్నాకు రాత్రి రైలు కలదు. నిద్రించి లేచుసరికి ఆస్ట్రియా రాజధానిలో నుందుము. ఒక రాత్రి హోటలు వ్యయము కూడ తగ్గును.

మొదట అనుమతిపత్రము సంగతి చెప్పవలెను. 2025 జనవరి నుండి షెంగెన్ ప్రాంతమున 29 దేశములు చేరియున్నవి. ఒకే వీసాతో వీనియందంతటను తిరుగవచ్చును; అయినను ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి ఉండరాదు. ఇంగ్లండు, ఐర్లండులకు ఈ వీసా చెల్లదు. దరఖాస్తును ప్రయాణమునకు ఆరు మాసములకు ముందుగా చేయరాదు. పదునైదు దినములలోపున చేయరాదు. వేసవి ప్రయాణమునకైనచో రెండు మూడు మాసములు ముందుగా చేయుట క్షేమము. కనీసము 30,000 యూరోల వైద్యవ్యయమును భరించు బీమా ఉండవలెను. ఎక్కువ దినములు ఏ దేశమున ఉందురో ఆ దేశమునకే దరఖాస్తు చేయవలెను. దినములు సమానమైనచో మొదట ప్రవేశించు దేశమునకు చేయవలెను. మనము చెప్పుకొన్న యాత్రలో ఇటలీలో ఆరు దినములు, ఆస్ట్రియాలో మూడు దినములు గనుక ఇటలీకే చేయవలసియుండును. 2024 జూన్ మాసమున పెద్దలకు వీసా రుసుము 90 యూరోలుగా నిర్ణయింపబడినది. 2025 అక్టోబరు 12 నుండి సరిహద్దు కడ ప్రయాణికుల ముఖచిత్రమును, వ్రేలిముద్రలను నమోదు చేయు క్రొత్త పద్ధతి ఆరంభమైనది. కావున దిగిన వెంటనే మరియొక విమానమో రైలో ఎక్కవలసినచో నడుమ తగినంత వ్యవధి ఉంచుకొనవలెను.

ఏ ఋతువున పోవలెను? ఏప్రిల్, మే మాసములును, సెప్టెంబరు, అక్టోబరు మాసములును ఉత్తమములు. జూలై, ఆగస్టులలో రోమున మధ్యాహ్నపు ఎండ తరచుగా 30 డిగ్రీలు దాటును. ఆగస్టు 15వ తేదీ వారి పెద్ద పండుగ గనుక ఆ దినములలో నగరవాసులు సముద్రతీరములకు పోవుదురు, పెక్కు చిన్న దుకాణములు మూసియుండును. వియన్నాలో డిసెంబరున సాయంకాలము నాలుగు గంటలకే సూర్యుడు అస్తమించును. జూన్‌లో రాత్రి తొమ్మిది వరకు వెలుగు ఉండును. మూడు దినముల యాత్రలో ఈ వెలుగు లెక్క చిన్నది కాదు. జూన్‌లో పోయినవానికి డిసెంబరున పోయినవాని కంటె దినమునకు ఏడెనిమిది గంటల వెలుగు అధికముగా లభించును. చలికాలమున గడియారము మన కంటె నాలుగున్నర గంటలు వెనుక నుండును. మార్చి చివరి ఆదివారము నుండి అక్టోబరు చివరి ఆదివారము వరకు మూడున్నర గంటలు వెనుక నుండును.

ఇక పెట్టె సంగతి. స్వల్పయాత్రకు పెట్టె ఎంత యుండవలెను? దీనికి వెనిసు నగరమే కొలబద్ద. ఆ నగరమున మోటారు కార్లు లేవు. వీధులలో నాలుగు వందలకు పైగా వంతెనలు కలవు. వానిలో పెక్కింటికి మెట్లు కలవు. రైలు స్టేషను నుండి బస వరకు ఎవరి పెట్టె వారే మోసికొని మెట్లెక్కి దిగవలెను. కావున ఇంటియొద్దనే పెట్టెను పూర్తిగా సర్ది, చేతబట్టుకొని రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగి చూడుడు. మధ్యలో ఆగకుండ ఎక్కగలిగినచో ఆ పెట్టె సరియైనది. ఎక్కలేనిచో తీసివేయవలసినవి ఇంకను ఉన్నవని యర్థము. మోకాళ్ళ నొప్పులు గల పెద్దలకు ఈ పరీక్ష మరింత అవసరము.

ఆహారపదార్థముల విషయమున ఒక హెచ్చరిక. మన ఇండ్లలో ప్రయాణమనగానే నేతిడబ్బా, పాలకోవా, మామిడిపండ్లు, కరివేపాకు పెట్టెకెక్కును. బయటి దేశముల నుండి మాంసమును, పాల పదార్థములను ప్రయాణికులు తమ వెంట తీసికొనివచ్చుటను ఐరోపా సమాఖ్య నిషేధించినది. నెయ్యియు, కోవాయు పాల పదార్థములే. పచ్చి పండ్లకు, ఆకులకు అధికారులిచ్చు ఆరోగ్య ధ్రువపత్రము కావలెను. అరటి, అనాస, కొబ్బరి, ఖర్జూరము వంటి కొన్నిటికి మాత్రమే మినహాయింపు. ఇది నిర్దయ కాదు. పశువుల వ్యాధులును, పైరుల తెగుళ్ళును ఆహారము వెంట దేశము దాటును గనుక ఏర్పరచిన కట్టుబాటు. కందిపొడి, కారప్పొడి వంటివి పొడిగా మూటగట్టుకొని పోవుట మేలు.

దుస్తుల విషయమున ముందుగా ఒక సూత్రము తెలిసికొనవలెను. చలిని ఆపునది బట్ట యొక్క మందము మాత్రమే కాదు. బట్టకును బట్టకును నడుమ నిలిచిన గాలి. కావున ఒక బరువైన కోటు కంటె పలుచని మూడు పొరలు మేలు. ఒంటికి అంటియుండు పలుచని చొక్కా, దానిపై ఉన్ని స్వెట్టరు, దానిపై గాలిని వానను ఆపు కోటు. ఐరోపాలో చలికాలమున వీధిలో చలి ఎంత యున్నను గదులలోను, రైళ్ళలోను, చిత్రశాలలలోను వెచ్చదనము ఉండును. లోపల అడుగిడగానే ఒక పొర విప్పుకొని, బయటికి పోవునప్పుడు తొడుగుకొనగలుగుట సుఖము. బరువైన కోటు ఒక్కటే తెచ్చినవాడు లోపల చెమర్చుచు, బయట వణకుచు తిరుగును. నూలుబట్ట తడిసినచో ఆరుట ఆలస్యము. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనమిచ్చును.

ఒక్కొక్క మనిషికి ఈ జాబితా చాలును: ఒకదానితో ఒకటి కలియు రంగులలో రెండు పంట్లాములు లేక రెండు లంగాలు, నాలుగు చొక్కాలు, ఒక స్వెట్టరు, ఒక వానకోటు, నాలుగు జతల మేజోళ్ళు, సాయంకాలపు సభకు ఒక మంచి దుస్తు, ఒక పెద్ద శాలువ. తొమ్మిది దినములకు ఇవి ఎట్లు చాలునని సందేహింపవలదు. రాత్రి ఉతికి ఆరవేసినచో ఉదయమునకు ఆరు బట్టలనే ఎన్నుకొనవలెను. బూట్లు రెండు జతలకు మించరాదు, అందొకటి కాలికుండును. ప్రయాణమునకు ముందురోజున కొన్న క్రొత్త బూట్లు తొడుగుకొని పోరాదు. కనీసము రెండు వారములు ఇంటియొద్ద తొడిగి నడచి, పాదమునకు మచ్చికయైన బూట్లనే తీసికొనిపోవలెను.

చీరకట్టు స్త్రీలకు వేరుగా కొన్ని మాటలు. చీర ఐరోపాలో ఇబ్బందియని కొందరందురు; అంతయు నిజము కాదు. పగటివేళ మెట్లు, ఎస్కలేటరులు, గాలివాన గల చోట్ల చూడీదారులే అనుకూలము. సాయంకాలపు సంగీతసభకు మాత్రము పట్టుచీరను మించిన దుస్తు మరియొకటి లేదు. బరువు తక్కువ, మడచినచో చోటు తక్కువ. అగ్గిపెట్టెలో ఇమిడెడు చీర నేసి చూపిన సిరిసిల్ల నేతగాండ్ర దేశము మనది. పెట్టెలో ఒక చీరకు చోటు దొరకదని మనము చెప్పరాదు. జరీ బరువు తక్కువగా నున్న చీరను, దానిపైకి ఒక ఉన్నిశాలువను ఎన్నుకొనవలెను.

ఇప్పుడు రోము. ఆ నగరపు పాత వీధులలో నల్లని రాతి ఘనములు పరచియుందురు. వానిని ‘సంపియెత్రీనీ’ అందురు. వీని నడుమ సందులుండును. వర్షము పడినచో జారును. ఎత్తుమడమల చెప్పులు ఆ సందులలో చిక్కుకొనును. ఆ నగరమున నాజూకుగా నడచు స్త్రీలు సైతము పగటివేళ మడమ తక్కువగల, అట్ట మెత్తగా నుండు బూట్లనే తొడుగుకొందురు. నేలను బట్టి బూటు. ఇది రోము నేర్పు మొదటి పాఠము.

రెండవ పాఠము చర్చి వాకిలియొద్ద నేర్చుకొందుము. సెయింట్ పీటర్ దేవాలయమునందును, వాటికన్ చిత్రశాలలయందును భుజములు, మోకాళ్ళు కప్పని వారిని లోనికి రానీయరు. ఈ నియమము పురుషులకును స్త్రీలకును సమానమే. గంటల కొలది వరుసలో నిలిచి, వాకిలి కడ వెనుకకు పోవలసివచ్చు వారు ఏటేట ఎందరో. మన శాలువ, మన ఉత్తరీయము ఇచ్చట అక్కరకు వచ్చును. చేతులులేని రవికె తొడిగినవారు పైటను నిండుగా కప్పుకొనుట మేలు. దేవుని యెదుట ఒళ్ళు కప్పుకొని నిలుచుట మనకు క్రొత్తగా నేర్పవలసినది కాదు.

రోమున మూడు దినములలో ఏమి చూడవలెను? ఉదయమున ఒక పెద్ద విషయము, సాయంకాలమున నడక — ఇంతకు మించరాదు. పాంథియన్ అను దేవాలయమును ఒక ఉదయమున చూడవచ్చును. హేడ్రియన్ చక్రవర్తి కాలమున, క్రీస్తుశకము రెండవ శతాబ్దమున కట్టిన దాని గోపురపు వ్యాసము సుమారు 43 మీటర్లు. నడినెత్తిన ఒక పెద్ద రంధ్రము కలదు. దానిగుండ ఎండయు, వానయు లోనికి దిగును. పడిన నీరు పోవుటకు నేలలో తూములు కలవు. సూర్యకిరణము గోడపై జరుగుచుండగా అరగంట కూర్చుండి చూచినవాడే దానిని చూచినట్లు. ఏడవ శతాబ్దము నుండి అది చర్చిగా నున్నది. 2023 జూలై నుండి ప్రవేశమునకు టిక్కెట్టు పెట్టిరి. వాటికన్ చిత్రశాలలు నెలలో చివరి ఆదివారము తప్ప తక్కిన ఆదివారములు మూసియుండును. బోర్గేసే చిత్రశాలకు ముందుగా వేళ నిర్ణయించుకొనక పోయినచో ప్రవేశము దొరకదు; ఒక్కొక్క బృందమునకు రెండు గంటలే వ్యవధి.

దాహమైనచో నీటిసీసా కొనవలసిన పనిలేదు. 1870 దశకము నుండి రోము వీధులలో ఇనుప కుళాయి స్తంభములు నిలిపిరి. అట్టివి నేడు 2,000కు పైగా కలవు. వంగిన గొట్టము ముక్కువలె నుండుటచే వానిని ‘నసోనీ’, అనగా పెద్దముక్కులని పిలుతురు. గొట్టము చివర వ్రేలితో మూసినచో పైనున్న చిన్న రంధ్రము నుండి నీరు పైకి చిమ్మును, వంగకయే త్రాగవచ్చును. కాఫీ దుకాణములలో నిలుచుండి త్రాగినచో ఒక ధర, బల్లయొద్ద కూర్చుండినచో తరచుగా అంతకంటె ఎక్కువ ధర. శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: ఇటలీలో పేరెన్నికగన్న పర్మెజానో జున్నును దూడ పొట్టనుండి తీసిన పదార్థముతో తోడుపెట్టుదురు. అది వలదనువారు ముందుగానే చెప్పవలెను. జున్ను లేని ‘మరినారా’ అను పిజ్జా అంతటను దొరకును.

సాయంకాలమున రోమువాసులు మంచి బట్టలు కట్టుకొని వీధులలో మెల్లగా నడతురు. దానిని ‘పస్సెజ్జాతా’ అందురు. పదిమందిలోనికి పోవునప్పుడు శుభ్రముగా, మర్యాదగా కనబడుటను ‘బెల్లా ఫిగూరా’ అందురు. అది ఆడంబరము కాదు. ఎదుటివారి యెడ గౌరవము. స్పానిష్ మెట్లను పేరుగల మెట్లదారిపై యాత్రికులు కూర్చుండి తినుచు, త్రాగుచు పాడుచేయుటచే 2019లో అచ్చట కూర్చుండుటను నిషేధించి జరిమానా విధించిరి. నడచుటకు కట్టిన మెట్లు నడచుటకే యుండవలెనని వారి యభిప్రాయము.

వెనిసు చేరినప్పుడు ఈ గౌరవపు ప్రశ్న మరింత తీవ్రమగును. 1951లో ఆ పాత నగరమున సుమారు 1,75,000 మంది నివసించుచుండిరి. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 లోపునకు దిగినది. ఇండ్లు యాత్రికుల బసలైనవి. కూరగాయల అంగళ్ళుండిన చోట బొమ్మల దుకాణములు వెలసినవి. అద్దెలు భరింపలేక యువకులు ఒడ్డుననున్న పట్టణములకు పోయిరి. ఉదయమున వచ్చి మధ్యాహ్నమున పోవు యాత్రికులు వీధులు నింపుదురు గాని ఊరికి విడిచిపోవునది స్వల్పము. ఇందుచే 2024లో నగరపాలకులు కొన్ని నిర్ణీత దినములలో, రాత్రి బసచేయక ఆ పూటకు వచ్చిపోవువారిపై 5 యూరోల ప్రవేశరుసుము విధించిరి. అదే సంవత్సరమున గైడుల వెంట నడచు బృందములలో 25 మందికి మించరాదనియు, ధ్వనివర్ధకములు వాడరాదనియు కట్టడి చేసిరి.

కావున వెనిసునకు పోదలచినవారు అచ్చట రెండు రాత్రులైనను నిలువవలెను. మధ్యాహ్నపు గుంపు పోయిన తరువాత, రాత్రి తొమ్మిదింటికి, కాలువగట్లపై అడుగుల చప్పుడు తప్ప మరేమియు వినబడదు. అప్పుడే ఆ నగరము తన నిజస్వరూపమును చూపును. ఇరుకు సందులలో కుడివైపున నడువవలెను. వంతెనల నడుమ నిలిచి దారి నాపరాదు. పడవబస్సు ఎక్కునప్పుడు వీపునకు తగిలించుకొన్న సంచిని తీసి చేతబట్టుకొనవలెను. చర్చి మెట్లపై కూర్చుండి పొట్లములు విప్పరాదు. కాలువలలో స్నానము చేయుటయు, ఈతదుస్తులతో వీధిలో తిరుగుటయు నేరములు. శరత్కాలము నుండి చలికాలము వరకు సముద్రపు పోటు పెరిగి నీరు వీధులలోనికి వచ్చుట కలదు. 2019 నవంబరు 12న పోటు 187 సెంటీమీటర్ల మట్టమునకు లేచినది. 2020 అక్టోబరు నుండి సముద్రముఖమున కదలు అడ్డుగోడలను లేపి పెద్ద పోట్లను ఆపుచున్నారు. అయినను నవంబరులో పోవువారు నీరంటని బూట్లు తొడుగుకొనుట మేలు.

మూడవది వియన్నా. ఇచ్చట పగలు తిరుగుటకు ఒక దుస్తు, రాత్రి సభకు ఒక దుస్తు ఉండవలెను. ప్రభుత్వ సంగీతనాటకశాల 1869లో ఆరంభమైనది. యుద్ధకాలమున 1945 మార్చిలో బాంబులవలన కాలిపోయినది. ఆకలితోనున్న కాలమున సైతము ఆ ప్రజలు దానిని తిరిగి కట్టుకొని, 1955 నవంబరు 5న బీథోవెన్ రచించిన ‘ఫిడేలియో’ నాటకముతో తెరచిరి. అది వారికి కేవలము వినోదశాల కాదు. అందువలననే చినిగిన పంట్లాముతో, ఇసుకబూట్లతో అందు ప్రవేశించుట వారికి నొప్పి కలిగించును. నిలుచుండి వినువారికి తక్కువ ధరకే టిక్కెట్టు దొరకును. నిలుచుండు చోటికి గురుతుగా మెడగుడ్డను కమ్మికి కట్టుట అచ్చట తరతరములుగా వచ్చిన ఆచారము. ఓవర్‌కోటును ముందుగా భద్రపరచు చోట అప్పగించి లోనికి పోవలెను. పురుషులకు ముదురురంగు కోటు, శుభ్రమైన చొక్కా చాలును. మన స్త్రీలకు పట్టుచీర. జూలై, ఆగస్టు మాసములలో ఆ నాటకశాల మూసియుండును.

పగటివేళ కళాచరిత్ర మ్యూజియమునకు పోయినచో అన్ని గదులు తిరుగబోకుడు. పీటర్ బ్రూగెల్ అను చిత్రకారుని పటములు డజను వరకు ఒకేచోట నున్నవి. ప్రపంచమున మరెక్కడను అన్ని లేవు. 1565లో ఆయన వ్రాసిన మంచులో వేటగాండ్ర పటము ఎదుట ఉన్న బల్లపై పావుగంట కూర్చుండుడు. తరువాత ఒక కాఫీ గృహమునకు పోవుడు. కాఫీతో పాటు చిన్న పళ్ళెరములో ఒక గ్లాసు మంచినీరు తెచ్చి పెట్టుదురు. కొయ్యపిడికి బిగించిన వార్తాపత్రికలుండును. ఒక్క కాఫీ త్రాగి ఎంతసేపు కూర్చున్నను లేవుమని ఎవరును అనరు. ఈ కాఫీ గృహముల సంస్కృతిని 2011లో ఆస్ట్రియాలో యునెస్కో వారసత్వ పట్టికయందు చేర్చిరి. నగరమునకు నీరు ఆల్ప్స్ కొండల ఊటలనుండి వచ్చును. మొదటి కాలువ 1873లో పూర్తియైనది. కుళాయి నీరే త్రాగవచ్చును. ఆదివారమున దుకాణములు మూసియుందురు గనుక కావలసినవి శనివారమే కొనవలెను. కూరల పులుసులలో మాంసపు రసము కలియుట సాధారణము. శాకాహారులు అడిగి తెలిసికొనవలెను.

మూడు నగరములకును చెల్లు కొన్ని జాగ్రత్తలు: పాస్‌పోర్టు నకలొకటి వేరుగా ఉంచుకొనవలెను. కిక్కిరిసిన బస్సులలోను, భూగర్భ రైళ్ళలోను జేబుదొంగలు కలరు. డబ్బును లోపలి జేబులో పెట్టుకొనవలెను. ఆపద కలిగినచో 112 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. బస్సు టిక్కెట్టు కొనుటయే చాలదు. కాగితపు టిక్కెట్టుపై యంత్రముతో ముద్ర వేయవలసిన చోట్లు కలవు, వేయనిచో టిక్కెట్టు లేనట్లే. విద్యుత్తు మన దేశమందువలె 230 వోల్టులే గాని, మన మూడు కాళ్ళ ప్లగ్గు అచ్చటి రంధ్రములలో పట్టదు. ఒక మార్పిడి ప్లగ్గు తీసికొనిపోవలెను. దుకాణమున అడుగిడగానే నమస్కార వాక్యము పలుకుట మర్యాద: ఇటలీలో ‘బువన్ జోర్నో’, వియన్నాలో ‘గ్రూస్ గాట్’.

ఇంత చెప్పిన తరువాత, మిగిలిపోయిన వాని సంగతి యేమని కొందరడుగవచ్చును. రోమునకు పోయి ఫలానా శిథిలము చూడలేదు, వెనిసునకు పోయి గాజు కార్ఖానా చూడలేదు, వియన్నాకు పోయి ఫలానా మందిరము చూడలేదు అని తిరిగివచ్చిన తరువాత బంధువులు లెక్క పెట్టుదురు. వారికి జవాబు సులభము. వేయి యేండ్లు, రెండువేల యేండ్లు కట్టుకొన్న నగరమును మూడు దినములలో ముగించుట ఎవరికిని సాధ్యము కాదు. సాధ్యమైనది ఒక్కటే: అచ్చటి గృహస్థునకు భారము కాక, ఆ వాకిట తగిన దుస్తులతో నిలిచి, చూపిన దానిని నెమ్మదిగా చూచి, మిగిలినదానిని మరియొకసారికి విడిచి వచ్చుట. మన ఇంటికి వచ్చిన అతిథియందు మనము కోరు గుణములును ఇవియే కదా!